మన పెరట్లో ఖుబానీ కాస్తుందా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం, పొట్టి ఖుబానీ చెట్లను ఇంటి పెరట్లో పెంచడం గురించి. కార్యదర్శిగారు ఈ విషయాన్ని ఊరికే ఎంచుకోలేదు. ఈ మధ్య మన కాలనీల్లో ఒక రంగుల బొమ్మ చేతులు మారుతున్నది. మనిషెత్తు చెట్టు, దాని నిండా బంగారు రంగు కాయలు, కింద ఒక కుండీ. ఎక్కడైనా పెరుగుతుందట, రెండేళ్ళలో కాస్తుందట. కొందరు డబ్బు కట్టి తెప్పించుకున్నారు కూడా. అందుచేత చివరిదాకా ఊరించకుండా ముందే చెప్పేస్తాను. ఖుబానీ మొక్క మన రామగిరిలో బ్రతికితే బ్రతకవచ్చు, ఆకు వేస్తే వేయవచ్చు, కాయ మాత్రం కాయదు. ఎందుకు కాయదో మొదట చెప్తాను. అదే కుండీలో, అదే ఎత్తులో, మన ఎండకు ఏది కాస్తుందో ఆ తర్వాత చెప్తాను. నా లెక్కలో రెండోదే ముఖ్యం గాని, మొదటిది తెలియకపోతే రెండోది వంటబట్టదు.

మనకు ఖుబానీ అంటే చెట్టు కాదు గదా, దావత్. పెళ్ళిలో బిర్యానీ తర్వాత గిన్నెలో వచ్చేది. ఎండు ఖుబానీని రాత్రి నానబెట్టి, తెల్లారి గింజ తీసి, చక్కెర వేసి మెల్లగా ఉడికించి, పైన మలాయి వేసి పెడితే అది ఖుబానీ కా మీఠా. హైదరాబాదు వంట, హైదరాబాదు నుంచి మన బొగ్గుబాయిల దాకా వచ్చింది. కొందరు గింజ పగలగొట్టి లోపలి పప్పును పైన అద్దుతారు. ఇక్కడ ఆపాలకు ఒక మాట. ఖుబానీ పప్పులో తీపి రకం వుంది, చేదు రకం వుంది. తీపిది బాదం లాగే తినవచ్చు. చేదు పప్పులో కడుపులోకి పోయాక సైనైడ్ విషంగా మారే పదార్థం వున్నది. కొద్దిగా కొరికి చూసి చేదనిపిస్తే ఉమ్మేసి, ఆ గింజలన్నీ పారెయ్యండి. పిల్లలకు అసలే పెట్టవద్దు.

పండు తెలుసు, చెట్టు తెలియదు. ఎందుకంటే పండు మన దగ్గరికి ఎండిపోయి, మూటల్లో వస్తుంది. చెట్టు వుండేది చలిదేశాల్లో. ప్రపంచంలో ఎక్కువ పండించేది టర్కీ దేశం, అందులోనూ మలాత్యా ప్రాంతం. అఫ్ఘనిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్‌లలో వుంది. మన దేశంలో లడఖ్, కాశ్మీర్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండల్లో వుంది. లడఖ్‌లో దీన్ని చూలీ అంటారు. అక్కడి రక్సే కార్పో అనే రకానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని గింజ తెల్లగా వుంటుంది, పప్పు తియ్యగా వుంటుంది. పారసీలో ఖుబానీని జర్దాలు అంటారు, అంటే పసుపుపచ్చని ఆలూబుఖారా అన్నమాట. బీహారులో భాగల్పూర్‌వాళ్ళు ఒక మామిడి రకానికి జర్దాలు అనే పేరు పెట్టుకున్నారు. చలి లేనిచోట ఆ పేరు మాత్రం కాసింది, మామిడి చెట్టుకు.

ఇక అసలు సంగతి. ఖుబానీ గులాబీ కుటుంబపు చెట్టు. బాదం, ఆలూబుఖారా, పీచ్ దాని తోబుట్టువులు. ఈ చెట్లన్నీ వచ్చే ఏటి పూమొగ్గలను ముందటి ఎండాకాలంలోనే కట్టిపెట్టుకుంటాయి. చలికాలం రాగానే ఆకు రాల్చి పడుకుంటాయి. ఆ నిద్రలో ఒక లెక్క నడుస్తుంది. ఏడు డిగ్రీలకు దిగువన ఎన్ని గంటలు గడిచాయన్నది లెక్క. మామూలు ఖుబానీ రకాలకు ఐదారు వందల గంటల పైన, కొన్నింటికి తొమ్మిది వందల దాకా కావాలి. తక్కువ చలి రకాలని అమ్మేవాటికి సైతం రెండు మూడు వందల గంటలు కావాలి. ఆ లెక్క నిండితేనే మొగ్గకు మెలకువ. నిండకపోతే కొన్ని మొగ్గలు రాలిపోతాయి, కొన్ని ఆలస్యంగా, ఇష్టం వచ్చినట్టు ఆకు వేస్తాయి, పూత సరిగా రాదు.

ఎందుకింత పట్టుదల అంటే, చెట్టు ప్రాణానికి అది కావలిబంటు. కొండల్లో డిసెంబరులో నాలుగు రోజులు ఎండ కాసిందని పూత పూస్తే, జనవరి మంచుకు పూతంతా మాడిపోతుంది. చలికాలం నిజంగా గడిచిందని నమ్మకం కుదిరాకనే అది కళ్ళు తెరుస్తుంది. మన దగ్గర ఆ నమ్మకం ఎట్లా కుదురుతుంది? మన చలికాలంలో మంచి చలి రాత్రి అంటే పది డిగ్రీల అటూఇటూ. అదీ తెల్లవారుజామున రెండు మూడు గంటలు, ఏడాదికి కొద్ది రోజులు. మొదటి షిఫ్టుకు పొయ్యే మనకు మఫ్లరు అవసరమయ్యేంత చలి వేరు, ఖుబానీకి నిద్రపట్టే చలి వేరు. ఆపైన మే నెలలో రామగుండం ఎండ 45 దాటుతుంది. తెలంగాణ ఎండల పట్టికలో మన పేరు ఎప్పుడూ ముందువరుసలోనే వుంటుంది.

మొన్న ఒక చాచా నాతో వాదించారు. "కెరమెరిలో ఆపిల్ కాసింది గదా, పేపర్ల వచ్చింది. ఆపిల్ కాస్తే ఖుబానీ ఎందుకు కాయది?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు ఆపిల్ పండించిన మాట నిజమే. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు తోడు నిలిచారు, 2020లో పండ్లు చేతికి వచ్చాయి. అయితే ఆ అడవిగట్లు మన రామగిరి కాదు. ఆ జిల్లాలో చలికాలం రాత్రులు ఐదు డిగ్రీల లోపుకు పడిపోయిన సందర్భాలున్నాయి. రెండో సంగతి, ఆపిల్‌లో బహు తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలు తయారైనాయి. హిమాచల్‌లో బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మగారు తయారుచేసిన రకం వాటిలో పేరుపొందింది, ఆయనకు 2025లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఆపిల్‌లో జరిగింది ఆపిల్‌కే. ఆ బొమ్మ చూపించి ఈ మొక్క అమ్మేవాణ్ణి ఒకటే అడగండి: "దీనికి ఎన్ని గంటల చలి కావాలి?" జవాబు చెప్పలేకపోతే మొక్క తీసుకోకండి.

పిల్లలున్న ఇళ్ళలో ఒక తమాషా చెయ్యవచ్చు. ఖుబానీ గింజలు నాలుగు, తడి ఇసుకలో కలిపి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో కింది అరలో రెండు నెలలుంచండి. పండును ఎండబెట్టేటప్పుడు గింజ చావకపోయివుంటే మొలక వస్తుంది. ఫ్రిజ్ లేకుండా వట్టి మట్టిలో వేస్తే మొలవడం కష్టం, విత్తనానికీ చలినిద్ర కావాలి మరి. మొలిచిన మొక్కను చూసి పిల్లలు నేర్చుకుంటారు. కాయ మీద ఆశ పెట్టుకోవద్దు. విత్తనాన్ని ఫ్రిజ్‌లో పెట్టగలం, చెట్టును పెట్టలేం.

ఇప్పుడు నిద్ర అనే మాటను పట్టుకొని మన గుట్టల వైపు చూడండి. సీతాఫలం చెట్టు ఎండాకాలంలో ఎట్లా వుంటుంది? ఆకు రాల్చి, చచ్చిన కట్టెలాగ నిలబడివుంటుంది. తొలకరికి చిగురు, పూత, దసరా నాటికి పండు. అదీ నిద్రే. ఖుబానీ చలికి నిద్రపోతే మన చెట్లు కరువుకు నిద్రపోతాయి. చలిని మనం తయారుచెయ్యలేం. కరువును తయారుచెయ్యగలం, నీళ్ళు ఆపితే చాలు. మనవైపు పెరటి పండ్లకు తాళంచెవి అదే. దాన్ని వదిలేసి లేని చలికోసం డబ్బు పెట్టడం నాకు నచ్చదు.

పొట్టి చెట్టు అనే ఆలోచన మాత్రం చాలా మంచిది, దాన్ని వదులుకోవద్దు. చెట్టును పొట్టి చేసే మార్గాలు కొన్ని వున్నాయి. పుట్టుకతోనే పొట్టి రకం ఎంచుకోవడం ఒకటి. మామిడిలో దశేరి, నీలం రకాలను కలిపి 1971లో ఢిల్లీలో తయారుచేసిన ఆమ్రపాలి అట్లాంటిది. కింద పొట్టి జాతి వేరుమొక్క పెట్టి పైన మంచి రకం అంటు కట్టడం ఇంకొకటి, ఇంగ్లండులోని ఈస్ట్ మాలింగ్ కేంద్రం ఆపిల్‌లో చేసి చూపించింది ఇదే. ఇవి రెండూ నర్సరీవాళ్ళ పని. మన చేతిలో వున్నవి వేరును డ్రమ్ములో కట్టడి చెయ్యడం, కొమ్మను కత్తెరతో కట్టడి చెయ్యడం.

మనకు ఇది ఎందుకు కావాలంటే, మనవి క్వార్టర్లు. పెరడు నాలుగు మంచాలంత వుంటే గొప్ప. అదీ మనది కాదు, కొలువున్నన్నాళ్ళే. బదిలీ అయితే ఇల్లు మారాలి, రిటైరైతే ఖాళీ చెయ్యాలి. మామిడి టెంక పాతిపెట్టి, ఏడెనిమిదేళ్ళు నీళ్ళు పోసి, మొదటి కాపు రాంగనే తాళాలు అప్పగించి వచ్చిన ఇళ్ళు మనలో ఎన్ని లేవు! వెనక వచ్చినవాళ్ళు తింటారు, తిననివ్వండి, అందులో చెడేమీ లేదు. కాని నాటిన తల్లి కూడా నాలుగు పండ్లు తినాలి గదా. డ్రమ్ములో పెట్టిన చెట్టు రెండు మూడేళ్ళలో కాస్తుంది, ఇల్లు మారిననాడు బీరువాతో పాటు లారీ ఎక్కుతుంది.

నేను మొదట చెప్పేది అంజీర్. ఎండు అంజీర్ కొట్లో ఎంత ఖరీదో మీకు తెలుసు. ఖుబానీ పక్కనే పెట్టి అమ్ముతారు. ఆ రెండిట్లో మన ఎండకు లొంగేది ఇదే. మన వాగుల వెంట వుండే మేడిచెట్టుకు దగ్గర చుట్టం. మేడిపండులో పురుగులుంటాయని అందరికీ తెలిసిందే, ఆ చిన్న కందిరీగలు లేకపోతే మేడి గింజకట్టదు. అంజీర్‌లో కూడా కందిరీగ అవసరమైన రకాలు టర్కీ వైపు వున్నాయి. మనం పెట్టుకోవలసిన పూనా రకానికి ఏ పురుగూ అక్కర్లేదు, ఒంటరి చెట్టైనా కాస్తుంది. విత్తనంతో పనిలేదు. వేలు లావు కొమ్మను జానెడు ముక్కగా కోసి, సగం మట్టిలోకి గుచ్చి, తడి ఆరకుండా నీడలో వుంచితే నెల, నెలన్నరలో వేళ్ళు. ఒక చెట్టున్న ఇల్లు వాడకంతా మొక్కలు పంచవచ్చు.

అంజీర్ కొత్త కొమ్మ మీద కాస్తుంది. కాబట్టి కత్తిరించడానికి చెయ్యి వణకకూడదు. వానలు వెనకబట్టగానే కొమ్మలను సగానికి కోసేస్తే, కొత్త చిగుళ్ళ మీద కాయ పట్టి వేసవి మొదట్లో పండుతుంది. వానాకాలంలో పండితే నీరుపట్టి చప్పగా వుంటుంది, పగులుతుంది, ఆకు వెనక తుప్పు రంగు మచ్చలు వస్తాయి. ఆ ఆకులు ఏరి తగలబెట్టాలి. కోసేటప్పుడు కారే పాలు చర్మానికి మంట పెడతాయి, చేతికి గుడ్డ చుట్టుకోండి, కళ్ళకు తగలనీయకండి. పండు మెడ వంగి మెత్తబడినప్పుడు కొయ్యాలి. చెట్టు దించాక ఇది మాగదు. పిట్టలు మనకంటే ముందే కనిపెడతాయి, పాత దోమతెర కప్పుకోవలసిందే.

రెండోది దానిమ్మ. గణేష్, భగువా రకాలు నర్సరీల్లో దొరుకుతాయి. ఇందాక చెప్పిన కరువునిద్ర దీనికే బాగా అమరుతుంది. సోలాపూర్, అనంతపురం రైతులు దీన్ని బహార్ పట్టడం అంటారు. నేలలో వున్న చెట్టుకైతే నవంబరు చివరి నుంచి నీళ్ళు తగ్గిస్తూ పోయి, డిసెంబరులో ఆపెయ్యండి. ఆకు పసుపుబారి రాలుతుంది. చూసి భయపడవద్దు. జనవరిలో కొనలు తేలిగ్గా కత్తిరించి, మొదట్లో ఎరువు వేసి, మొదటిరోజు కొద్దిగా, తర్వాత నిండుగా నీళ్ళు పెట్టండి. ఒక్కసారిగా ఎర్రపూత వస్తుంది. ఐదారు నెలలకు పండు. డ్రమ్ములో వున్నదానికి ఇంత కఠినం పనికిరాదు. మట్టి తక్కువ కాబట్టి వేరు ఎండి చెట్టే పోతుంది. ఆకు వాడినప్పుడల్లా ఒక చెంబు పొయ్యండి.

దానిమ్మకు శత్రువు ఒక సీతాకోకచిలుక. లేతకాయ మీద గుడ్డు పెడుతుంది, పురుగు లోపలికి తొలుచుకుపోతుంది, పైకి చిన్న రంధ్రం, లోపల కుళ్ళు. మందు కొట్టే పనిలేదు. కాయ నిమ్మకాయంత కాగానే పాత పలుచటి గుడ్డతో సంచి కుట్టి కట్టండి. పదీ ఇరవై కాయలున్న పెరటికి ఇది గంట పని. కాయ పగలడం మరో బాధ. నాలుగు రోజులు మరిచిపోయి ఐదోరోజు బిందెలకు బిందెలు పోస్తే పగులుతుంది. షిఫ్టు మనుషుల ఇంట్లో ఇదే జరుగుతుంది, రాత్రి డ్యూటీ వారంలో చెట్టు ఎండుతుంది. ఈ పని పిల్లలకు అప్పజెప్పండి, వాళ్ళకు షిఫ్టుల్లేవు.

జామ గురించి ఎక్కువ చెప్పను, మీకందరికీ తెలిసిందే. అలహాబాద్ సఫేదాగాని, లక్నో 49 గాని గాలి అంటు మొక్క తీసుకొని, ఛాతీ ఎత్తుకు మించనీయకుండా ఏటా కత్తిరిస్తే కొత్తకొమ్మకు కాయ వస్తూనే వుంటుంది. నిమ్మకు డ్రమ్ము చాలు, తిరుపతి నుంచి వచ్చిన బాలాజీ రకం మంచిది.

డ్రమ్ము సంగతి. రెండు వందల లీటర్ల డ్రమ్మును అడ్డంగా రెండుగా కోయిస్తే రెండు చెట్లకు ఇళ్ళు. ముందు అందులో ఏం పోసేవారో కనుక్కోండి. నూనె, మందు మరకలున్నది వద్దు. అడుగున ఏడెనిమిది రంధ్రాలు, వాటిమీద ఇటుక ముక్కలు, ఆపైన ఎర్రమట్టి రెండు పాళ్ళు, మాగిన పశువుల పెంట ఒక పాలు, ఇసుక ఒక పాలు, రెండు గుప్పిళ్ళ వేపపిండి. డ్రమ్మును నేలమీద కాకుండా ఇటుకల మీద నిలబెడితే నీరు దిగుతుంది, వేరు నేలలోకి పారిపోదు. రెండు మూడేళ్ళకొకసారి చెట్టును పెకలించి, చుట్టూ అల్లుకున్న వేళ్ళను రెండంగుళాల మేర కోసి, కొత్తమట్టి పెట్టాలి.

బూడిద దగ్గర ఒక మాట గట్టిగా చెప్పాలి. కట్టెల బూడిద చెట్టుకు మంచిదని మన అమ్మలు చెప్పింది నిజం, అందులో పొటాష్ వుంది. బొగ్గు బూడిద అది కాదు. చూడటానికి ఒకటే రంగు. కాని దాంట్లో చెట్టుకు బలమిచ్చేది తక్కువ, ఒంటికి పనికిరాని లోహాలు వుండవచ్చు. బొగ్గు పొయ్యి బూడిదగాని, చెరువుల్లో పడే పవర్‌హౌస్ బూడిదగాని పండ్లచెట్టు మొదట్లో వెయ్యకండి. అట్లాగే ఓపెన్‌కాస్ట్ దగ్గరి కాలనీల్లో ఆకుల మీద నల్లదుమ్ము పేరుకుంటుంది, ఆకుకు వెలుతురు తగలదు. వారానికొకసారి పొద్దున్నే పైనుంచి నీళ్ళు చిలకరించి కడగాలి. పండును కూడా కడిగే తినాలి.

నీళ్ళు అనేసరికి ఏప్రిల్, మే గుర్తొచ్చి మీరంతా నవ్వుతున్నారు. నల్లా రెండు రోజులకొకసారి వచ్చే ఇళ్ళు వున్నాయి. వజూ నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఒక బకెట్లో పట్టండి. ఒక ఇంటికి రెండు డ్రమ్ముల చెట్లకు అవి చాలావరకు సరిపోతాయి. సబ్బు నీళ్ళు మాత్రం వద్దు. పోసేది పొద్దు వాలినాక పొయ్యాలి. మొదట్లో మూడు వేళ్ళ మందం వరిగడ్డిగాని ఎండుటాకులుగాని పరిస్తే తడి ఆగుతుంది. పడమటి ఎండ తగిలే కాండానికి సున్నం పూయండి, బెరడు పగలదు. మే నెలలో మధ్యాహ్నం పూట పాత చీర పందిరిగా కట్టండి. ఇనుప డ్రమ్ము ఎండకు కాలుతుంది, దానిచుట్టూ తడిపిన గోనెసంచి చుట్టాలి.

ఇప్పటికే ఖుబానీ మొక్క కొన్నవాళ్ళు దాన్ని పీకి పారెయ్యనక్కర్లేదు, నీడపట్టున వుంచుకోండి, ఆకు చూడటానికి బాగుంటుంది. ఆ పక్కన ఒక డ్రమ్ము మాత్రం సిద్ధం చెయ్యండి. ఇది అక్టోబరు నెల, అంజీర్ కత్తిరించే రోజులు. చెట్టున్నవాళ్ళు కోసిన కొమ్మలను పారెయ్యకుండా తడి గోనెలో చుట్టి వచ్చే శుక్రవారం సంఘం ఆఫీసుకు తీసుకురండి. లేనివాళ్ళు ఒక్కొక్కరు రెండేసి ముక్కలు తీసుకుపొండి. పైకొన ఏదో కిందికొన ఏదో గుర్తుండేటట్టు కింది వైపు ఏటవాలుగా, పై వైపు తిన్నగా కోసి తెండి. తలకిందులుగా గుచ్చితే వేరు రాదు.